చెక్క బొమ్మ ముఖానికి ఏ రంగు? పల్చటి పొరలతో దిద్దేవాళ్ల కోసం ఒక పోలిక

చెక్కినప్పుడు ముఖం బాగానే ఉంటుంది. ముక్కు నిలబడుతుంది, పెదవి వంపు తిరుగుతుంది, బుగ్గ కనిపిస్తుంది. రంగు వేయగానే ఆ పనంతా మాయమై, కనుబొమలు గీసిన గుండ్రాయి ఒకటి మిగులుతుంది. చాలాసార్లు దీనికి కారణం ఒక్కటే, రంగు మందంగా పడింది. కనురెప్పకూ కంటికీ మధ్య ఉలి చేసిన గాడికి లోతు ఎంతని ఉంటుంది? ఒక్క మందపాటి పూతతో అది పూడుకుపోతుంది.

అందుకే ముఖాన్ని పల్చటి పొరలతో, ఒకటి ఆరాక ఇంకొకటి వేస్తూ కట్టుకుంటూ రావాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఏ రంగుతో అన్న దగ్గరే పేచీ. యాక్రిలిక్ అని ఒకరంటారు, ఆయిల్ అని ఇంకొకరు. 'మా తాత పోస్టర్ కలర్‌తోనే వేసేవాడు' అని మూడో ఆయన. షాపుకెళ్తే ఎనామిల్ డబ్బా చేతిలో పెట్టి పంపిస్తారు. మన అనంతపురం, కడప, కర్నూలు ఎండల్లో, మన దగ్గర దొరికే చెక్క మీద, వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

## ముందు ఏం చూడాలి

ధర, బ్రాండ్ తర్వాత. ముందు ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలి.

కింది పొర కదులుతుందా? నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. ఆరిన పొర మీద తడి బ్రష్ పెడితే కింది రంగు కరిగి పైకి వస్తోందంటే, పల్చటి పొరల పని అక్కడితో ఆగిపోయినట్టే. మూడో పొర వేసేసరికి బుగ్గ మీది ఎరుపు, కంటి కింది నీడ అన్నీ కలిసి బురదవుతాయి. ఎంత ఖరీదైన రంగైనా సరే, ఈ పరీక్షలో పోతే ముఖానికి పనికిరాదు.

వెలుతురు లోపలికి వెళ్లి తిరిగొస్తుందా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలును వెలుతురు దూరేంత పల్చగా గీకి, దాని మీద రంగులు వేస్తారు. తెర వెనక దీపం పెడితే ఆ రంగు వెలుగుతుంది. చెక్కకు వెనక దీపం పెట్టలేం కదా, అందుకే కింద తెల్లటి పూత వేస్తాం. పైనుంచి పడ్డ వెలుతురు పల్చటి రంగుల్లోంచి దూరి, ఆ తెలుపును తాకి మళ్లీ బయటికి వస్తుంది. ముఖంలో కళ అంటామే, అది చాలావరకు ఇదే. పొరలో తెల్ల రంగు గానీ పిండి గానీ ఎక్కువైతే వెలుతురు పైపైనే ఆగిపోతుంది, ముఖం సుద్దబారుతుంది.

పిండి అంటే ఏమిటంటారా? చవక రంగుల్లో పరిమాణం పెంచడానికి సుద్ద లాంటి పొళ్లు కలుపుతారు. మన మంగంపేట గనుల ముగ్గురాయి, అదే బెరైటీస్, పెయింట్లలో ఇలా వాడే ఖనిజాల్లో ఒకటి. గోడకు వేసేటప్పుడు దానివల్ల నష్టం లేదు. బొటనవేలంత ముఖం మీద మూడు పొరలు వేసేటప్పుడు మాత్రం అదే అడ్డం వస్తుంది.

మన ఎండలో ఎలా ఆరుతుంది? ఆన్‌లైన్లో చూసే వీడియోలు ఎక్కువగా చలి దేశాల్లో తీసినవి. అక్కడ పది నిమిషాలు తడిగా ఉండే రంగు, మే నెలలో అనంతపురంలో ఫ్యాన్ కింద బ్రష్ మీదే ఎండిపోతుంది. ఆషాఢం గాలుల్లో అయితే ఇంకో తంటా. రెండు రోజులు తడిగా ఉండే రంగు మీద ఊళ్లో దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది.

బొమ్మ ఎక్కడ ఉండబోతోంది? అద్దాల బీరువాలోనా, ఏడాదిలో పదకొండు నెలలు ట్రంకుపెట్టెలోనా, గుడి మండపంలోనా, పసిపిల్ల నోట్లోనా? ఈ నాలుగింటికీ ఒకే రంగు సరిపోదు.

గీత ముఖమా, నీడ ముఖమా? ఇది చాలామంది అడగరు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల్ని చూడండి. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వేసినవి. ముఖానికి ఒకే రంగు నింపి, కన్ను, ముక్కు, పెదవి అంతా గీతతోనే పలికించారు. కొండపల్లి బొమ్మల ముఖాలదీ ఆ దారే: చదునైన రంగు, పెద్ద కళ్లు, నల్లటి గీత. మీకు కావలసింది అదే అయితే పల్చటి పొరలు రెండు చాలు, మిగతాది సన్నటి బ్రష్ పని. బుగ్గలో ఎరుపు, కంటి గుంటలో నీడ, గడ్డం గీసుకున్న చోట నీలపు ఛాయ కావాలంటే ఏడెనిమిది పొరలకు సిద్ధపడాలి. ఈ రెండో రకానికే రంగు ఎంపిక బాగా ముఖ్యం.

## చెక్క, దాని మీద పునాది

రంగు కన్నా ముందు చెక్క సంగతి. తెల్లపొణికి తేలిక, మెత్తన. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడేది ఇదే. ముఖం చెక్కడానికి హాయిగా ఉంటుంది, కానీ రంగును తెగ తాగేస్తుంది. వేప మన దగ్గర కావలసినంత దొరుకుతుంది. కాస్త ఎర్రగా ఉంటుంది కాబట్టి పల్చటి రంగు నేరుగా వేస్తే ఛాయ మారిపోతుంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. రంగు వేసే ముందు థిన్నర్‌తో ఒకసారి తుడవకపోతే పట్టు సరిగ్గా ఉండదు.

ఏ చెక్కైనా ఒక చిక్కు ఉంది. పీచు పొడవునా ఉన్న చోట రంగు తక్కువ పీలుస్తుంది, పీచు తెగిన చోట ఎక్కువ పీలుస్తుంది. నిలువు చెక్కలో ముక్కు కొన, గడ్డం కింద, కనుబొమ అంచు అన్నీ పీచు తెగిన చోట్లే. పునాది లేకుండా పల్చటి రంగు వేస్తే సరిగ్గా ఇక్కడే మచ్చలు కడతాయి. ముక్కు మీద మసి పూసినట్టయ్యాక ఏ పొరా దాన్ని కప్పదు.

పునాదికి రెడీమేడ్ గెస్సో (తెల్లటి పునాది పూత) దొరికితే సరే. లేదంటే ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, మెత్తగా జల్లించిన సుద్దపొడి వేసి పాలంత పల్చగా చేసుకోవచ్చు. రెండు మూడు పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య 400 నంబరు సాండ్ పేపర్‌తో, చివర 600తో నెమ్మదిగా రుద్దండి. కొండపల్లిలో చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాల్ని అతికి, సందులు పూడ్చి, ఆపైన తెల్లటి పూత వేస్తారు. సూత్రం అదే. హార్డ్‌వేర్ షాపు లప్పం మాత్రం ముఖానికి వద్దు. చెక్కిన గీతలన్నీ దాని కింద సమాధి అవుతాయి.

## ఒక్క చూపులో

| రంగు | కింది పొర నిలుస్తుందా | పారదర్శకత | మన ఎండలో ఆరడం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| యాక్రిలిక్ | ఆరితే కదలదు | మీడియం (రంగు లేని యాక్రిలిక్ జిగురు) కలిపితే బాగుంటుంది | నిమిషాల్లో. వేసవిలో మరీ త్వరగా | కొత్తవాళ్లకు, అమ్మకానికి చేసేవాళ్లకు |
| ఆయిల్ | పూర్తిగా ఆరాక నిలుస్తుంది | అన్నిటికన్నా బాగుంటుంది | పొరకు ఒకటి నుంచి కొన్ని రోజులు | తీరిక ఉన్నవాళ్లకు, పెద్ద ముఖాలకు |
| కింద యాక్రిలిక్, పైన ఆయిల్ | నిలుస్తుంది | చాలా బాగుంటుంది | చివరి పొరలకే ఆగాలి | ఇప్పటికే చేయి తిరిగినవాళ్లకు |
| పోస్టర్, వాటర్ కలర్ | కరుగుతుంది | పర్లేదు | నిమిషాల్లో | బడి పిల్లలకు, గీత ముఖాలకు |
| మట్టి రంగులు | కలిపే జిగురును బట్టి | మధ్యస్థం | జిగురును బట్టి | ఓపిక, సరదా ఉన్నవాళ్లకు |
| ఎనామిల్ | నిలుస్తుంది | దాదాపు లేదు | కొన్ని గంటల నుంచి ఒక రోజు | గుడి వాహనాలకు, ఆరుబయట పెట్టేవాటికి |

## యాక్రిలిక్

ఎవరైనా 'ఒక్కటే చెప్పు' అంటే నేను ఇదే చెప్తాను. నీళ్లతో కలుస్తుంది, ఆరాక నీళ్లకు కరగదు. మొదటి ప్రశ్నలో నూటికి నూరు మార్కులు. ఇరవై నిమిషాల తర్వాత ఇంకో పొర వేయొచ్చు, ఒక సాయంత్రంలో ముఖం పూర్తవుతుంది. బ్రష్ కడగడానికి టర్పెంటైన్ అక్కర్లేదు, ఇంట్లో వాసన రాదు.

పల్చగా చేయడానికి అందరూ నీళ్లు పోస్తారు. కొంచెం పర్లేదు. ఎక్కువైతే రంగును పట్టి ఉంచే జిగురు బలహీనపడి, ఆరాక వేలికి పొడి అంటుకుంటుంది. నీళ్లతో పాటు మ్యాట్ మీడియమో గ్లేజింగ్ మీడియమో కలిపితే ఈ తలనొప్పి ఉండదు. సీసా ఒక్కసారి కొంటే చాలాకాలం వస్తుంది. పల్చదనం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా: పాత న్యూస్‌పేపర్ మీద ఒక గీత లాగండి. రంగు ఛాయ పడాలి, కింది అక్షరాలు హాయిగా చదవగలగాలి. అక్షరం మసకబారితే ఇంకా చిక్కగా ఉన్నట్టే.

మన ఎండలో దీని బలహీనత ఆ త్వరగా ఆరడమే. పాలెట్ మీద వేసిన రంగు చూస్తుండగానే తోలు కడుతుంది. టిఫిన్ బాక్సులో తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగులు పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికి కూడా తడిగానే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది లోపు ముఖం పని ముగించుకుని, మధ్యాహ్నం బట్టలకు, పీటకు రంగు వేసుకోవడం మంచిది. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు.

ఏ ట్యూబు కొనాలన్నది ఇంకో టెన్షన్. కామెల్, ఫెవిక్రిల్ లాంటివి చిన్న ఊళ్ల స్టేషనరీ షాపుల్లో కూడా ఉంటాయి, మొదలుపెట్టడానికి చాలు. ముఖానికి మాత్రం, కుదిరితే, ట్యూబు మీద పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ చూసి కొనండి. ఒక్క కోడ్ ఉంటే అది ఒక్క పిగ్మెంట్‌తో చేసిన రంగు. పల్చగా వేసినా, వేరేదానితో కలిపినా మురికిపట్టదు. గోధుమ రంగులైన బర్న్ట్ సియెన్నా, అంబర్లకు చాలావరకు పీబీఆర్ 7, మట్టి పసుపైన ఎల్లో ఓకర్‌కు పీవై 43 లేదా 42, ముదురు నీలమైన అల్ట్రామెరైన్‌కు పీబీ 29, టైటానియం వైట్‌కు పీడబ్ల్యూ 6. ఈ నాలుగైదు ట్యూబులు, ఒక ఎరుపు ఉంటే మన ఊళ్ల ముఖాలన్నీ వస్తాయి.

'స్కిన్ కలర్' అని రాసి అమ్మే గులాబీ ట్యూబు మాత్రం కొనకండి. అందులో తెలుపు దండిగా ఉంటుంది కాబట్టి పల్చటి పొరకు పనికిరాదు. పైగా రాయలసీమలో ఆ రంగు మనిషిని నేనింతవరకు చూడలేదు.

## ఆయిల్

ముఖం మీద ఆయిల్ ఇచ్చే మెత్తదనం యాక్రిలిక్ ఇవ్వదు. బుగ్గ ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా వేలి కొసతో కలిపేయొచ్చు. గంటలకొద్దీ తడిగా ఉంటుంది కాబట్టి హడావుడి లేదు. మన వేసవిలో ఇది పెద్ద వరం.

దాని ఖరీదు మనం చెల్లించేది రోజుల్లో. ఆయిల్ రంగులో ఉండే అవిసె నూనె నీళ్లలాగా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. పల్చటి పొర కూడా ముట్టుకునేలా ఆరడానికి ఒకటి నుంచి కొన్ని రోజులు పడుతుంది. అంబర్ కలిసిన పొర త్వరగా, టైటానియం వైట్ కలిసినది ఆలస్యంగా ఆరుతుంది. ఐదు పొరలంటే రెండు వారాల మాట. ఈలోగా దుమ్ము పడకుండా బొమ్మ మీద గాజు సీసానో అట్టపెట్టెనో బోర్లించి ఉంచాలి. ఇంకో నియమం, కింద పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. తలకిందులైతే కొన్నాళ్లకు పై పొర పగుళ్లిస్తుంది.

కొలువు బొమ్మలకు ఆయిల్ వేయాలనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. దసరా అయ్యాక బొమ్మను పెట్టెలో పెట్టి అటక ఎక్కిస్తే, మళ్లీ దసరాకు తీసేసరికి కంటి తెలుపు కామెర్లు వచ్చినట్టుంటుంది. వెలుతురులో ఉంచితే కొంత తగ్గుతుంది గానీ, కొలువు జరిగే కొద్ది రోజుల్లో ఎంతని తగ్గుతుంది? అద్దాల బీరువాలో వెలుతురు తగిలే చోట ఉండే బొమ్మకైతే ఈ బాధ లేదు.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి గుడ్డ మడతల్లో చిక్కుకుంటే దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి పెట్టండి. నలభై డిగ్రీల ఎండ కాసే ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

## కింద యాక్రిలిక్, పైన ఆయిల్

నాకు బాగా నచ్చిన దారి ఇదే, మొదటి బొమ్మకు మాత్రం చెప్పను. మూల ఛాయ, నీడలు యాక్రిలిక్‌తో ఒక్క పూటలో వేసేసి, బాగా ఆరాక చివరి ఒకటి రెండు పొరలు, ముఖ్యంగా బుగ్గలు, పెదవులు ఆయిల్‌తో వేయడం. యాక్రిలిక్ మీద ఆయిల్ పట్టుకుంటుంది. ఆయిల్ మీద యాక్రిలిక్ నిలవదు, పొట్టుగా లేచిపోతుంది. ఈ వరుస ఎప్పుడూ తిరగబడకూడదు. కళ్లు కూడా ఆయిల్‌తోనే ముగించాలి.

## పోస్టర్, వాటర్ కలర్

చవక, ఎక్కడైనా దొరుకుతాయి. కానీ తడి తగలగానే కింది పొర లేచొస్తుంది. రెండు పొరల మధ్య ఫిక్సేటివ్ (రంగు కదలకుండా పట్టే) స్ప్రే కొడుతూ పని లాగొచ్చు, కానీ స్ప్రే డబ్బా ఖర్చుతో యాక్రిలిక్కే వస్తుంది. గీత ముఖం, ఒకటే ఛాయ, పైన వార్నిష్ అనుకుంటే పర్లేదు. బడిలో పిల్లల చేత చేయించేటప్పుడు నేనూ ఇవే వాడమంటాను, చేతులు కడిగితే పోతాయి కాబట్టి.

## మట్టి రంగులు

రాయలసీమవాళ్లకు దీని మీద మనసు పోకుండా ఉండదు. గోడలకు అలికే ఎర్ర జాజు మనకు తెలిసిందే. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఓకర్ గనులే ఉన్నాయి. ఎల్లో ఓకర్, రెడ్ ఓకర్ అని ట్యూబుల్లో కొనేది ఈ జాతి మట్టినే. ఓర్వకల్లు దగ్గర కేతవరం కొండల్లో ఆదిమానవులు ఎర్రకావితో వేసిన బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇనుము కలిసిన మట్టి రంగు ఎండకు వెలవదనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? చామనఛాయ ముఖానికి ఎర్రకావి, పసుపు మట్టి, కొంచెం మసి, సుద్ద ఉంటే చాలు.

మట్టిని నేరుగా వాడకూడదు. నీళ్లలో కలిపి కాసేపు ఆగితే ఇసుక అడుక్కి పోతుంది. పైనున్న ఎర్రనీళ్లను వేరే గిన్నెలోకి వంచి, అది పేరుకున్నాక మళ్లీ అలాగే చేయండి. నాలుగైదుసార్లకు వేళ్ల మధ్య రుద్దినా గరుకు తెలియని మెత్తటి మన్ను మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి నూరుకోవాలి. పొడి ముక్కులోకి పోకుండా మాస్క్ కట్టుకోండి.

తర్వాత వచ్చేది జిగురు ప్రశ్న. తుమ్మ జిగురు వాడితే అది వాటర్ కలరే, కింది పొర కరుగుతుంది. గీత ముఖానికి సరే, నీడ ముఖానికి కాదు. అదే పొడిని యాక్రిలిక్ మీడియంలో నూరితే మన ఊరి మట్టితో చేసిన యాక్రిలిక్ చేతికొస్తుంది. సంప్రదాయం మీద పట్టింపు ఉన్నవాళ్లు ముఖం చిట్లిస్తారు, తెలుసు. పని మాత్రం బాగుంటుంది.

వంటింటి పసుపుతో ముఖానికి రంగు వేయకండి. కొత్తలో బంగారంలా ఉంటుంది, కిటికీ దగ్గర పెడితే కొన్నాళ్లకే వెలిసిపోతుంది. బజారు కుంకుమ చాలావరకు అద్దకపు రంగే, పై పొరలోకి ఊరుతుంది. సింధూరం పొడిలో సీసం, పాదరసం లాంటివి ఉండొచ్చు కాబట్టి చేతులతో నూరే పనికి దాన్ని దగ్గరికి రానివ్వకపోవడమే మేలు.

లక్క రంగుల గురించి కూడా అడుగుతుంటారు. ఏటికొప్పాక బొమ్మల మెరుపు చూసి ముఖానికీ అదే కావాలనిపిస్తుంది. అక్కడ చెక్క లేత్ మీద గిరగిరా తిరుగుతుంటే లక్క కర్రను ఆనిస్తారు, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. గుండ్రటి బొమ్మకే అది కుదురుతుంది. ఉలితో చెక్కిన ముక్కూ మూతీ ఉన్న ముఖాన్ని లేత్ మీద తిప్పలేం.

## ఎనామిల్

గుడి వాహనాలకు, రథం బొమ్మలకు ఎనామిల్ ఎందుకు వేస్తారో అర్థం చేసుకోవచ్చు. వానకు, ఎండకు, నూనె చేతులకు, పసుపు కుంకుమలకు తట్టుకోవాలి. ఇరవై అడుగుల దూరం నుంచి గరుడుడి కళ్లు కనిపించాలి. అక్కడ పల్చటి పొరలకు పనిలేదు. చేతిలో పట్టుకుని చూసే బొమ్మకు మాత్రం ఎనామిల్ వేస్తే ముఖం తళతళలాడుతుంది, హావభావం కనిపించదు. థిన్నర్ ఎక్కువ పోసి పల్చన చేస్తే కారిపోయి గడ్డం కింద బొట్టు కడుతుంది.

డబ్బా కొనేటప్పుడు సీసం శాతం చూడండి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అటక మీద అంతకన్నా పాత డబ్బా ఉంటే బొమ్మలకు వాడొద్దు.

## ఎర్రచందనం అయితే

కడప, తిరుపతి వైపు కొనే ఎర్రచందనం బొమ్మకు ముఖం దిద్దాలా అంటే, వద్దనే అంటాను. ఆ చెక్క ముదురు ఎరుపు మీద పల్చటి పొర కనిపించదు. కనిపించాలంటే తెల్ల పునాది వేయాలి, అప్పుడు ఎర్రచందనం కొన్నదెందుకు? పైగా దానిలోని ఎరుపు స్పిరిట్‌కు కరుగుతుంది. స్పిరిట్ పాలిష్ తగిలిందంటే ఊరి వచ్చి కంటి తెలుపును గులాబీ చేస్తుంది. కళ్లకు, కనుబొమలకు నల్లటి యాక్రిలిక్ గీత, అంతటితో ఆపండి. బొమ్మను అనుమతి ఉన్న షాపులోనే, బిల్లుతో కొనండి. ఆ చెక్క విషయంలో చట్టం ఎంత గట్టిగా ఉందో మన జిల్లాలవాళ్లకు చెప్పక్కర్లేదు.

## ఒక ముఖం, పొరల వారీగా

అడుగు ఎత్తు బొమ్మ, యాక్రిలిక్, నీడ ముఖం అనుకుందాం. పునాది నునుపుగా ఆరింది.

మొదట మూల ఛాయ. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా సమంగా, తెలుపు చిటికెడు. పల్చగా రెండుసార్లు, ముఖమంతా. మొదటిసారి చారలుగా, అసహ్యంగా కనిపిస్తుంది. కంగారుపడి చిక్కగా పూయకండి, రెండోసారికి సర్దుకుంటుంది.

తర్వాత నీడ. నలుపు ముట్టుకోకండి, నలుపుతో ముఖం మసిబారుతుంది. బర్న్ట్ సియెన్నాలో కొద్దిగా అల్ట్రామెరైన్ కలిపితే వెచ్చటి ముదురు గోధుమ వస్తుంది. కంటి గుంట, ముక్కు కింద, కింది పెదవి కింద, దవడ కింద, చెవి వెనక వేయండి. బ్రష్‌ను రంగులో ముంచాక గుడ్డ మీద ఒకసారి అద్ది, ఆ తర్వాతే ముఖం మీద పెట్టాలి. గీత ఎక్కడ ఆగుతుందో అక్కడే రంగు ఎక్కువ దిగుతుంది. కాబట్టి బ్రష్‌ను నీడ ముదురుగా ఉండాల్సిన వైపుకే లాగండి. కంటి గుంట దగ్గర చెంప వైపు నుంచి ముక్కు మొదలు వైపుకు లాగితే చాలు, నీడ దానంతటదే చిక్కబడుతుంది.

మూడోది ఎరుపు, ఇక్కడే ముఖంలోకి ప్రాణం వస్తుంది. ముఖంలో రక్తం ఎక్కువ కనిపించేది బుగ్గలు, ముక్కు కొన, చెవులు. నుదురు కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. మగవాళ్ల బొమ్మలో గడ్డం, పైపెదవి పైన కొద్దిగా నీలం కలిసిన పొర వేస్తే గీసుకున్న గడ్డంలా కనిపిస్తుంది. ఎర్ర పొర ఎంత పల్చగా ఉండాలంటే, వేసినట్టు మీకే అనుమానం రావాలి. పక్కన రంగు వేయని బొమ్మ పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది.

పెదవుల్లో పైది ముదురు, కిందిది లేత. వెలుతురు పైనుంచి పడుతుంది కాబట్టి పైపెదవి ఎప్పుడూ నీడలో ఉంటుంది. రెండింటికీ ఒకే ఎరుపు పూస్తే లిప్‌స్టిక్ బొమ్మ అవుతుంది. మీకు కావలసింది కూచిపూడి వేషమైతే అది వేరే సంగతి.

కళ్లు చివర. కంటి తెలుపుకు ట్యూబులోని తెలుపు నేరుగా వాడొద్దు, చిటికెడు అంబర్ కలపండి. పైరెప్ప కింద సన్నటి నీడ పొర ఒకటి వేయండి, గుడ్డు గుండ్రం తిరుగుతుంది. నల్లగుడ్డు పైభాగం రెప్ప కిందికి కొంచెం పోవాలి. మొత్తం గుండ్రంగా కనిపిస్తే బొమ్మ ఉలిక్కిపడి చూస్తున్నట్టుంటుంది. మెరుపు చుక్కలు రెండు కళ్లలోనూ ఒకే వైపు పెట్టండి. పూజలో పెట్టే విగ్రహమైతే కళ్లు తెరిచే పనికి ముహూర్తం, పద్ధతి వేరే ఉంటాయి. కంటి తెలుపు వరకు వేసి స్థపతికి అప్పగించడం మర్యాద.

వార్నిష్ విషయంలో ముఖానికి మ్యాట్, అంటే మెరవనిది వాడండి. నగలకు, కిరీటానికి, కంటి గుడ్డు మీద ఒక్క చుక్కకు గ్లాసీ, అంటే మెరిసేది. ముఖమంతా గ్లాసీ వేస్తే ట్యూబ్‌లైట్ గీత ముక్కు మీద పడి, మీరు వేసిన నీడలన్నీ దాని వెనక దాక్కుంటాయి.

## మీరు ఏ రకం?

మొదటి బొమ్మ చేస్తున్నారా? యాక్రిలిక్, పైన చెప్పిన ఐదారు ట్యూబులు, ఒక మీడియం సీసా, సన్నటి సింథటిక్ రౌండ్ బ్రష్‌లు రెండు. ఆయిల్ వైపు చూడకండి.

కొలువు కోసమా? యాక్రిలిక్కే, కానీ దాచే విధానం ముఖ్యం. యాక్రిలిక్ పొర వేడికి కొంచెం మెత్తబడుతుంది. న్యూస్‌పేపర్‌లోనో ప్లాస్టిక్ కవర్లోనో చుట్టి అటక మీద పెడితే, వేసవికి అది ముఖానికి అతుక్కుపోతుంది. పాత నూలు పంచె ముక్కలో వదులుగా చుట్టండి.

అమ్మకానికి చేస్తున్నారా? యాక్రిలిక్, గీత ముఖం. నీడ ముఖానికి పట్టే సమయానికి తగ్గ ధర సంతలో రాదు. పెద్ద ఆర్డర్, అడిగిన మనిషి ముఖం పోలిక కావాలన్నప్పుడు నీడ ముఖం వేసి, దానికి వేరే రేటు చెప్పండి. పిల్లల ఆటబొమ్మలు అమ్మేవాళ్లకు ఇంకో సంగతి: 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు దీని నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ఆర్టిజన్ కార్డు లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

పసిపిల్లల చేతికిచ్చే బొమ్మా? ముఖానికి రంగే వద్దంటాను. వేప చెక్కను నునుపుగా రుద్ది, కళ్లు మూతి ఉలితోనే గాటు పెట్టి వదిలేయండి. నోట్లో పెట్టుకున్నా రంగు భయం లేదు.

పెద్ద ముఖం, తీరిక, వెలుతురు తగిలే చోటు మూడూ ఉన్నాయా? కింద యాక్రిలిక్, పైన ఆయిల్. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు మొదలుపెట్టండి. గాలిలో తేమ తక్కువ, ఆషాఢం దుమ్ము లేదు.

అమ్మమ్మ నాటి బొమ్మకు ముఖం వెలిసిపోయిందా? మెడ వెనక కనిపించని చోట తడి దూదితో తాకి చూడండి. రంగు దూదికి అంటితే అది నీళ్ల రంగు. తడి బట్టతో తుడిచారంటే మిగిలినది కూడా పోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, పల్చగా స్ప్రే వార్నిష్ కొట్టి, అది ఆరాక పోయిన చోట మాత్రమే యాక్రిలిక్‌తో కలపండి. రంగు అంటకుండా గట్టిగా మెరుస్తుంటే పాత ఎనామిల్ అయ్యుండొచ్చు, అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా సాండ్ పేపర్‌తో గీకి ఆ దుమ్ము పీల్చకండి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. నీళ్ల సాండ్ పేపర్‌తో పైపైన తడిగా రుద్ది, తడిగుడ్డతో ఆ మడ్డి అంతా ఎత్తేసి, దాని మీదే కొత్త పునాది వేసుకోండి.